నీళ్లడిగే భాష

కుప్పం స్టేషన్. 1878. చీకటి పడి చాలాసేపైంది.

ప్లాట్‌ఫారం రాళ్లు ఇంకా వేడి కక్కుతున్నాయి. ఆకు కదలదు. తూర్పున ఒక మెరుపు మెరిసింది. ఉరమలేదు. అలాంటి మెరుపుల్ని రెండేళ్లుగా నమ్మి విసిగిపోయిన జనం తలెత్తి కూడా చూడలేదు. గోడకు ఆనుకుని ఒక కుర్రోడు కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లుంటాయి. తొడల కంటే మోకాలి చిప్పలే లావుగా ఉన్నాయి. తలపాగా చుట్టిన మనిషొకడు వచ్చి వాడి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"యాడబ్బయా మీది?"

"పుంగనూరు పక్కన, సామీ."

"నడిచే వచ్చినావా?"

"పలమనేరు మింద, కోట మింద నడిచొచ్చినా."

"ఇంట్లో ఎంతమంది ఉండారు?"

కుర్రోడు లెక్క చెప్పడానికి వేళ్లు మడవబోయాడు. మధ్యలో ఆపేశాడు.

తలపాగా మనిషి ఒడిలోంచి గుప్పెడు బొరుగులు తీసి వాడి దోసిట్లో పోశాడు. "తిను ముందు. తిన్నాక చెప్తా. నేటాల్ అని ఒక సీమ ఉండాది."

1876లో వానలు ఎగ్గొట్టాయి. మరుసటేడు జనవరికల్లా ఊళ్లు ఖాళీ అయి కరువు పనుల మీద పడ్డాయి. రాళ్లు కొట్టడం, చెరువు పూడిక తీయడం, రోడ్లకు మట్టి మోయడం. ఖర్చు తగ్గించడానికి దిగిన సర్ రిచర్డ్ టెంపుల్, మగమనిషి కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా అని తేల్చాడు. ఆ గింజలతో మనిషి నిలబడడు, పౌనున్నరైనా కావాలని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోట్లాడాడు. కార్నిష్ కాగితాల మీద పోట్లాడుతుంటే పుంగనూరు కుర్రోడు పౌను గింజలకు పొద్దుగూకేదాకా రాళ్లు కొట్టాడు. ఒకరోజు సమ్మెట ఎత్తబోతే చెయ్యి లేవలేదు. ఆ రోజే కుప్పం దారి పట్టాడు.

ఎందుకంటే కుప్పంలో రైలుంది. బెంగుళూరు నుంచి జోలార్‌పేట దాకా లైను 1864లోనే పడింది. జోలార్‌పేట నుంచి మద్రాసు. మద్రాసు నుంచి సముద్రం.

కుప్పంలో ఇంకోటి కూడా ఉంది. కంగుంది జమీను ఊరు అది. మూడు సీమలు కలిసేచోట మాట ఎప్పుడూ ఒక్క భాషలో నడవదు. సంతలో ఒకడు 'ఎంత' అంటాడు, పక్కవాడు 'ఎవ్వళవు' అంటాడు, పైనుంచి దిగినవాడు 'ఎష్టు' అంటాడు, సాయిబు 'కిత్తా' అంటాడు, అయినా నలుగురికీ బేరం కుదురుతుంది, ఒకరి వ్యాకరణం ఇంకొకరికి అడ్డం రాదు, ఎందుకంటే ఆ నాలుగు నోళ్లలోనూ మాట చివర ఒక అన్నో, ఒక సామో, ఒక అప్పో, ఒక భాయో తగులుకునే ఉంటుంది.

ఆ తగులుకునే ముక్క లేని భాష కూడా ఒకటి ఉంటుందని కుర్రోడికి తెలియదు. బొరుగులు అయిపోయాయి. పట్టాల మీద దీపం కనపడింది.

*

మద్రాసు డిపో. తాటాకు పైకప్పు కింద పెద్ద బల్ల. బల్ల మీద పెద్ద రిజిస్టరు. సిరా వాసన, వందలమంది చెమట వాసన.

డాక్టరు నాలుక చాపమన్నాడు. ఛాతీ తట్టాడు. చేతులు తిప్పి చూశాడు. పనికొస్తాయనుకున్నాడు.

గుమాస్తా తలెత్తకుండా అడుగుతున్నాడు. పేరు. తండ్రి పేరు. వయసు. కులం. జిల్లా. తాలూకా. ఊరు. ఒంటి మీద మచ్చలు. పుంగనూరు పక్క పల్లె పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పడేసరికి దాని కన్నతల్లి కూడా గుర్తుపట్టలేనట్టు తయారైంది. జిల్లా గడిలో 'నార్త్ ఆర్కాట్' అని పడింది. ఇన్ని గడులున్న ఆ రిజిస్టర్లో భాషకు గడి లేదు. ఉత్తర ఆర్కాటు వాడంటే తెలుగువాడు కావచ్చు, తమిళుడు కావచ్చు. అడిగినవాళ్లు లేరు. ఓడ దిగాక అందరూ 'మద్రాసీ'లే.

కుర్రోడికి ఒక సందేహం పీకుతోంది. గొంతు సవరించుకున్నాడు.

"సామీ, ఆడ దొరలు తెలుగు మాట్లాడతారా?"

గుమాస్తా మొదటిసారి తలెత్తి చూశాడు.

అది పిచ్చి ప్రశ్నేం కాదు. కుర్రోడు చిన్నప్పుడు కాలి పుండుకు మందు వేయించడానికి వాళ్లమ్మ మదనపల్లెకు తీసుకుపోయింది. అక్కడ ఒక అమెరికా దొర ఉండేవాడు, జేకబ్ చాంబర్లేన్. ముందు తమిళం నేర్చుకుని, ఆ పైన తెలుగు పట్టి, 1863లో మదనపల్లెలో కాపురం పెట్టాడు. మందిచ్చేవాడు, సంతలో నిలబడి తెలుగులో ప్రసంగించేవాడు, తెలుగు బైబిలును సవరించే పండితుల సంఘానికి పెద్దగా కూర్చున్నాడు. ఆయనకు తన మతం కావాలి, అది నిజం. అయితే దానికోసం జనం భాషను ఆసాంతం నేర్చుకోవాల్సి వచ్చింది. పుండు ఎన్నాళ్లుగా సలుపుతోందో ఆ తల్లి తన మాటల్లో చెప్పుకుంది, దొర తన చెవులతో విన్నాడు. తెల్లదొర అంటే తెలుగొచ్చిన దొరే అని కుర్రోడి బుర్రలో అచ్చుపడిపోయింది.

గుమాస్తా జవాబివ్వలేదు. మెడలో తగరపు బిళ్ల పడింది. బిళ్ల మీద నంబరుంది.

ఆ నంబరు ఏమిటో, వాడి పేరేమిటో ఇక్కడ చెప్పడం లేదు. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు చేరిన ఒప్పందపు కూలీలు 1,52,184 మంది. మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచి పోయినవాళ్లే. ఎక్కువమందిని పంపిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాటు ఒకటి. ఆ వేలమంది నడిచిన దారిలో నడిచినవాడిగా ఈ కుర్రోడిని ఊహించుకుందాం. దారి నిజం. కరువు నిజం. రిజిస్టరు నిజం.

తెల్లారగట్ల మసూలా పడవలు ఒడ్డుకొచ్చాయి. రేవు కట్టడం ఇంకా పూర్తికాని మద్రాసులో అలల్ని దాటించేవి అవే. కొబ్బరి పీచు తాళ్లతో కుట్టిన పలకలు ప్రతి అలకూ మూలుగుతున్నాయి. దూరంగా ఓడ. కుర్రోడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. ఇసక, పొగమంచు. మనుషులెవరూ కనిపించలేదు.

*

సముద్రం మీద నెల దాటింది.

ఓడ అడుగున పడుకునేచోట విశాఖపట్నం వాళ్లు తగిలారు. వాళ్లు 'ఏటి' అంటే వీడు 'ఏంది' అన్నాడు. ఇద్దరూ మొహమొహాలు చూసుకుని నవ్వారు. ఇంటి నుంచి బయల్దేరాక వాడు నవ్వింది అదే మొదలు. తమిళుల మాట కుప్పం పుణ్యాన సగం తెలుసు. రుచి తెలియని అన్నం, ఉప్పుచేప, వాంతులు, ఒకరాత్రి గుడ్డలో చుట్టి నీళ్లలోకి జార్చిన పసిబిడ్డ.

డర్బన్ రేవులో ఇసక మేట అడ్డం. ఓడ బయటే ఆగింది. చిన్న పడవల్లోకి దింపారు. వాన పడుతోంది. ఎంత వాన! కుర్రోడు మొహం పైకెత్తి నోరు తెరిచాడు. రెండేళ్లుగా తన ఊరికి బాకీ ఉన్న వాన ఇక్కడ పడుతోందనిపించింది. పక్కన ఎవరో ఏడుస్తున్నారు. ఎందుకో అడగబోయేలోగా ఒడ్డు నుంచి కేక వినిపించింది.

"హంబా!"

అర్థం కాలేదు. వీపు మీద చెయ్యి పడ్డాక అర్థమైంది. నడు.

*

తెలతెలవారుతుండగా గంట. రేకుల వరస ఇళ్లలోంచి మనుషులు బయటపడ్డారు. చేతిలో చెరకు కత్తి.

చెరకు ఆకు అంచు రంపం. మొదటి రోజు తెలియదు. ఆకు చేతికి రాసుకున్నప్పుడు నొప్పి ఉండదు, సన్నటి గీత పడుతుంది, గీతలో చెమట దిగినప్పుడు మంట పుడుతుంది. పదింటికల్లా ముంజేతులు రెండూ గీతలే. పొలం గట్టు మీద గుర్రం. గుర్రం మీద ఓవర్సీరు. అతని కింద సర్దారు, బీహారువాడు. ఐదేళ్ల ఒప్పందం, మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు. చీటీ లేకుండా ఎస్టేటు దాటితే నేరం.

"చేచా! చేచా!" గుర్రం మీద నుంచి. తొందరగా.

"సెబెంజా!" పని చెయ్.

"లో కత్తి కాదు, ఫనా కా లో!" సర్దారు తన హిందీ, ఆ భాష, ఇంకేదో కలిపి అరుస్తూ కత్తి లాక్కుని మొదలంటా నరికి చూపించాడు. ఫనా కా లో. ఇట్లా.

మిట్టమధ్యాహ్నం. నాలుక అంగిలికి అతుక్కుంది. గట్టు చివర ఎద్దుల బండి మీద నీళ్ల పీపా ఉంది. కుర్రోడు సర్దారు దగ్గరికి పోయాడు.

"నీళ్లు."

సర్దారు చూశాడు. తెలియలేదు.

"తన్నీ." తమిళంలో. తెలియలేదు.

దోసిలి పట్టి నోటికి ఆనించుకుని చూపించాడు. సర్దారుకు అర్థమైంది. అయినా గట్టు మీది గుర్రం వైపు గడ్డంతో చూపించాడు. ఓవర్సీరు వంగి, మూగవాడికి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి అన్నాడు.

"వేనా. ఫూనా. లో. మాంజి?"

నీకు. కావాలా. నీళ్లు. కుర్రోడు పెదాలు కదిపాడు. వాడి గొంతు దాటి ఆ మాట బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో, ఆ కాసేపూ పీపా మీద ఎండ తళతళలాడుతూనే ఉంది.

"మాంజి."

గుర్రం పక్కకు తప్పుకుంది.

*

బండి తోలేది ఒక జులూ ముసలాయన. తల నెరిసింది. కాళ్లు బారచాపి బండి నీడలో కూర్చున్నాడు. కుర్రోడు ఉత్సాహంగా పరిగెత్తాడు. కొత్తగా దొరికిన మాట నోట్లో బెల్లంముక్కలా ఉంది. ఓవర్సీరు ఎలా అన్నాడో అలాగే అన్నాడు. ఇంకెలా అనాలో తెలిస్తే కదా.

"వేనా! లెటా లో మాంజి!"

నువ్వు. తే. నీళ్లు.

ముసలాయన కదల్లేదు. కళ్లు మాత్రం కదిలాయి. కుర్రోడిని పాదాల నుంచి తల దాకా చూసి, మొహం అటు తిప్పుకున్నాడు.

కుర్రోడు గతుక్కుమన్నాడు. మాట తప్పు పోయిందా? లేదు. మాటలన్నీ సరిగ్గానే వచ్చాయి. నిలబడిపోయాడు. ఎండలో నీడ కాళ్ల కిందికి ముడుచుకుంది. పుంగనూరులో ఇంత తల నెరిసినాయనను నీళ్లడగాలంటే వాడి నోట ఏమొస్తుంది? "నాయనా, రవ్వన్ని నీళ్లు పొయ్యి నాయనా." ఆ 'నాయనా' ఈ భాషలో ఎక్కడుంది?

గుర్రం మీది మనిషి నేర్పలేదు. అతనికి దాని అవసరం రాలేదు.

రాత్రి వరస ఇళ్ల దగ్గర ముందుగా వచ్చినవాళ్లను అడిగాడు. ఓ విశాఖపట్నం ఆయన, ఐదేళ్ల ఒప్పందం ముగింపుకొచ్చినాయన, పొగచుట్ట తీసి చెప్పాడు: "బాబా అనాలి. ఆళ్లలో పెద్దోళ్లని బాబా అంతారు. తండ్రన్నమాట."

మర్నాడు మధ్యాహ్నం కుర్రోడు బండి దాకా నడిచి వెళ్లాడు. పరిగెత్తలేదు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"బాబా. మాంజి, బాబా."

ముసలాయన చాలాసేపు చూశాడు. తర్వాత చిన్నగా నవ్వి ఏదో అన్నాడు. పొడుగాటి మాట, మధ్యలో నాలుక టక్కుమని విరిగిన చప్పుడు. అది అసలు జులూ. కుర్రోడికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. సొరకాయ బుర్ర మాత్రం నిండా నీళ్లతో చేతికొచ్చింది.

*

ఆ కుర్రోడు నేర్చుకున్న మాటల గుట్టకు అప్పటికి స్థిరమైన పేరు లేదు. ఫనాకాలో అనే పేరు తర్వాత గనుల్లో స్థిరపడింది. 'ఇట్లా చెయ్' అని చూపిస్తూ అనే మాటే భాషకు పేరైపోయింది. జులూలు మాత్రం దాన్ని 'ఇసికూలా' అన్నారు. కూలీల భాష.

అందులో మాటలు సుమారు డెబ్బై శాతం జులూవి, పావువంతు దాకా ఇంగ్లీషువి, మిగిలినవి ఆఫ్రికాన్స్‌వి. మాటలు జులూవైనా ఎముకలు జులూవి కావు. జులూలో నీళ్లు 'అమాంజి'. ముందున్న ఆ 'అమా' ఊరికే లేదు, నామవాచకం ఏ తరగతిదో దాన్ని బట్టి వాక్యమంతా కదులుతుంది. ఫనాకాలోలో ఆ తరగతులన్నీ రాలిపోయి, అన్నిటికీ ముందు ఒకే 'లో' మిగిలింది. టక్కుమనే హల్లులు 'క' అయ్యాయి. పెద్దల ముందు, అత్తమామల ముందు ఎలా మాట్లాడాలో జులూ సమాజానికి 'హ్లోనిఫా' అని ఒక పెద్ద మర్యాదే ఉంది. అది మొత్తం పోయింది. ఆజ్ఞలు మిగిలాయి.

దీన్ని పుట్టించింది ఎవరు? నేటాల్ చెరకు తోటల్లోని భారతీయులేనని 1953లో డి.టి. కోల్ అనే భాషావేత్త రాశాడు. తర్వాత రాజేంద్ మేస్త్రీ, ఆ గడ్డ మీదే పుట్టిన భారతీయ సంతతి పండితుడు, పాత కాగితాలు తిరగేశాడు. మద్రాసు నుంచి 342 మందితో ట్రూరో ఓడ డర్బన్ చేరింది 1860 నవంబర్ 16న. అంతకు ముందే ఇంగ్లీషు వలసదారులు, మిషనరీలు జులూలతో ఇలాంటి ముక్కల భాష మాట్లాడుతున్నారని తేల్చాడు. అంటే మనవాళ్లు దాన్ని కనలేదు. వాళ్ల చేతికి అది తయారుగా వచ్చింది. దొరతో మాట్లాడాలన్నా అదే, జులూతో మాట్లాడాలన్నా అదే, ఆఖరికి పుంగనూరువాడు బీహారువాడితో మాట్లాడాలన్నా ఒక్కోసారి అదే.

దాదాపు ఆ రోజుల్లోనే, అక్కడికి వేల మైళ్ల ఉత్తరాన ఉబాంగి నది మీద ఇంకో భాష ఊపిరి పోసుకుంటోంది. 1880ల చివర బెల్జియన్లు, ఫ్రెంచివాళ్లు పడవల మీద ఆ నదిని ఎక్కారు. తెడ్లు వేయడానికి, బరువులు మోయడానికి ఎక్కడెక్కడి ఆఫ్రికన్లనో కూలికి తెచ్చారు. ఆ కూలీలకూ నది ఒడ్డు జనానికీ మధ్య, అక్కడి ఎన్‌గ్‌బాండి భాష కరిగి, సరళమై సాంగో అయింది. దొరలకు అది పని జరిపించుకునే సాధనం. మిషనరీలు దాన్ని ప్రార్థనలోకి తీసుకున్నారు. జనం దాన్ని సంతలోకి, పెళ్లిలోకి, పాటలోకి, చివరికి తల్లి ఒడిలోకి తీసుకుపోయారు. బిడ్డలకు అదే మొదటి భాష అయింది. 1991లో మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో ఫ్రెంచితో పాటు అధికార భాషగా కూర్చుంది.

ఫనాకాలోకు ఆ ఒడి దొరకలేదు. తోట నుంచి వంటింటికి, వంటింటి నుంచి గనిలోకి దిగింది. ఇరవయ్యో శతాబ్దం పొడుగునా గని కార్మికులకు దాన్నే నేర్పారు. దానితో జోలపాడిన తల్లి లేదు.

*

ఐదేళ్లు గడిచాయి. ఇంకో ఐదేళ్లు గడిచాయి. పుంగనూరు కుర్రోడు ఇప్పుడు స్వేచ్ఛా మనిషి. ఉచితంగా తిరిగి పోవడానికి ఓడ టిక్కెట్టుకు హక్కు వచ్చింది. పోలేదు. ఎవరి దగ్గరికని పోతాడు?

కౌలుకు కాస్త నేల పట్టాడు. మిరప, వంకాయ, చిక్కుడు. అదే వరస ఇళ్లలో ఉండే కుప్పం పిల్లను చేసుకున్నాడు. పొద్దున్నే గంపలు కావడికి కట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు. తెల్లవాళ్ల వంటింటి వాకిట్లో జులూ పనిమనిషి నిలబడేది.

"మలిని?" ఎంత?

ఎంత, ఎవ్వళవు, ఎష్టు, కిత్తా. ఇది ఐదోది. కుప్పం సంత వాడి నోట్లో మళ్లీ లేచి నిలబడింది. ధర చెప్పి, చివర ఒక 'మామా' తగిలించేవాడు. తోటి గంపలవాళ్లకు అది వింత. కొన్నాళ్లకు వాళ్లూ తగిలించడం మొదలెట్టారు. పుస్తకంలో లేని, గుర్రం మీది మనిషికి తెలియని వ్యాకరణం అది.

ఇల్లు చేరితే తెలుగు. రాగిసంగటి లేదు, మొక్కజొన్న పిండి ముద్ద. అయినా దాన్ని సంగటి అనే అన్నారు. కొడుకు పుట్టాడు. జోల కుప్పం జోల. తిట్లు పుంగనూరు తిట్లు.

ఒక సాయంత్రం కొడుకు వీధిలోంచి పరిగెత్తుకొచ్చాడు. ఐదేళ్లవాడు. ఒళ్లంతా దుమ్ము. గడపలో నిలబడి తల్లితో అన్నాడు.

"మీనా ఫూనా మాంజి."

ఇంట్లో చప్పుడు ఆగిపోయింది. తల్లి చేతిలో చెంబు ఉంది. ఇవ్వలేదు. కొట్టనూ లేదు. పిల్లాడి ఎదురుగా కూర్చుని, గడ్డం పట్టుకుని, వాడి కళ్లలోకి చూసింది.

"నీళ్లియ్యమ్మా అను. అమ్మతో అట్ల మాట్లాడకూడదు, నాయనా."

"ఎట్ల మాట్లాడకూడదు?"

ఆమెకు జవాబు తెలుసు. ఏ భాషలో చెప్పాలో తెలియలేదు. గడపలో నిలబడిన మొగుడి వైపు చూసింది.

*

1911. జూలైతో నేటాల్‌కు కూలీల ఎగుమతి ఆగిపోయింది. అదే ఏడాది ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా పుట్టింది. పుంగనూరు ఉత్తర ఆర్కాటు నుంచి, మదనపల్లె కడప నుంచి విడిపోయి కొత్త జిల్లాలో చేరాయి. పెట్టెలో మడిచి దాచుకున్న పాత కాగితంలో మాత్రం 'నార్త్ ఆర్కాట్' అనే ఉంది. ఆ మనిషికి యాభై అయిదు నిండాయి. కొడుకు నేటాల్‌లోనే న్యూకాజిల్ బొగ్గు గనిలో ఉన్నాడు. కోడలు 1898లో అమ్మానాన్నలతో ఓడెక్కి వచ్చిన పిల్ల.

ఆమెకు ఒక బాకీ ఉంది. ఏడాదికి మూడు పౌండ్లు.

1895 చట్టం అది. దాని తర్వాత ఒప్పందం మీద వచ్చినవాళ్లు గడువు తీరాక ఇంటికైనా పోవాలి, మళ్లీ ఒప్పందంలోకైనా దిగాలి, లేదంటే తలకు మూడు పౌండ్ల పన్ను కట్టాలి. 1903లో దాన్ని పిల్లలకూ పొడిగించారు: మగపిల్లలకు పదహారేళ్లు, ఆడపిల్లలకు పదమూడేళ్లు నిండితే చాలు. నెలకు 10 షిల్లింగుల కూలికి మూడు పౌండ్లంటే ఆర్నెల్ల చెమట. కట్టకపోతే జైలు.

1913 అక్టోబర్. న్యూకాజిల్. బొగ్గుపొడి కలిసిన చలిగాలి. గని కూలీలుండే కాంపౌండ్ల చుట్టూ గుసగుసలు. ట్రాన్స్‌వాల్ నుంచి ఆడవాళ్లు వచ్చారట, చంకన బిడ్డలతో. వాళ్లతో ఒక నాయుడు వచ్చాడట.

తంబి నాయుడు. పుట్టింది మారిషస్‌లో. తమిళుడు. ఇంగ్లీషు బాగా వచ్చు, హిందుస్తానీ వచ్చు, తెలుగు కొంత వచ్చు, కానీ ఆ దేశభాషల అక్షరాలు రావు. మారిషస్ తోటల్లో పుట్టిన క్రియోల్ భాష బ్రహ్మాండంగా వచ్చు. నల్లవాళ్ల భాషా తెలుసు. ఇదంతా గాంధీ తన దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో రాసిపెట్టారు. బడి చదువు లేకుండా ఇన్ని భాషలు ఆ మనిషి నోట్లోకి ఎలా చేరాయో గనిలో పనిచేసే ఎవరికీ చెప్పనక్కర్లేదు. వాళ్ల నోళ్లలోకీ అలాగే చేరాయి.

పనులు ఆపమన్నారు. మూడు పౌండ్లు పోయేదాకా.

రాత్రి కొడుకు నిద్రపోలేదు. తెల్లారింది. గంట మోగింది. ఎవరూ లేవలేదు. రెండోసారి మోగింది. బూట్ల చప్పుడు దగ్గరికొచ్చి తలుపు ముందు ఆగింది.

"సెబెంజా!"

చీకట్లో వంద ఊపిర్లు వినిపిస్తున్నాయి. చెరకు తోటలో తండ్రి విన్న మాటే. గుర్రం లేదు, బూట్లున్నాయి. అంతే తేడా. కొడుకు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దొరకు అర్థం కావాలంటే తెలుగు పనికిరాదు, తమిళం పనికిరాదు. పుట్టినప్పటి నుంచి ఆజ్ఞలు మోసిన ఆ భాషలోనే వెతికాడు. దొరికింది. ఒక్క మాట. ఆ భాష నేర్చుకున్న ప్రతి దొరకూ తెలిసిన మాట. కూలి నోట మాత్రం వినడానికి అలవాటు పడని మాట.

"ఐకోనా."

లేదు.

బూట్లు కదల్లేదు. పక్క మూల నుంచి ఇంకో గొంతు. "ఐకోనా." తమిళ గొంతు. బీహారు గొంతు. అవతలి వరస నుంచి ఇంకొకటి.

*

నవంబర్ 6. చార్లెస్‌టౌన్. పొద్దున ఆరున్నర. కొండల మీద మంచు.

నేటాల్ సరిహద్దు ఊరు అది. అవతల ఫోక్స్‌రస్ట్, ట్రాన్స్‌వాల్. అనుమతి లేకుండా దాటితే అరెస్టు. పని మానేసిన కూలీలు దాటడానికే బయల్దేరారు. 2,037 మంది మగవాళ్లు, 127 మంది ఆడవాళ్లు, 57 మంది పిల్లలు. బొంతలు, చెంబులు, భుజాన పిల్లలు. వరసలో ఎవరో వెనకవాళ్లను తొందరపెడుతూ "హంబా, హంబా" అన్నారు. ఓడ దిగిన రోజు వీపు మీద చెయ్యితో పాటు వచ్చిన మాట. కొడుకు వెంట వచ్చిన పుంగనూరు పెద్దాయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. వెనక ఏ దొరా లేడు. ఓ తమిళ పిల్ల, చంకన తమ్ముడిని ఎత్తుకుని నవ్వుతోంది.

"పద, తాతా."

రేషన్ పంచుతున్నారు. మనిషికి పౌనున్నర రొట్టె, ఒక ఔన్సు చక్కెర.

పెద్దాయన రొట్టెను చేతిలో తూచాడు. 1877లో పౌను గింజల బరువెంతో ఆ చేతికి తెలుసు. ఇది అంతకన్నా బరువు. రొట్టె సంచిలో వేసుకున్నాడు. చక్కెరకు అరచెయ్యి చాపాడు. గీతలు పడి, మానిన గీతల మీద మళ్లీ గీతలు పడిన అరచెయ్యి. ఏళ్లతరబడి తెల్లారగట్ల లేచి ఎన్ని బండ్ల చెరకు నరికాడో లెక్క లేదు. ఆ చెరకు ఎక్కడికి పోయిందో చూడలేదు. తెల్లగా, సన్నగా, గుప్పెడు కూడా లేని చక్కెర ఇప్పుడు ఆ గీతల్లోకి జారుతోంది.

మనవరాలు పంచె పట్టుకుని లాగింది. పెద్దాయన కూర్చున్నాడు. చిటికెడు తీసి దాని నాలుక మీద వేశాడు.

"ఏంది తాతా ఇది?"

వరస కదిలింది. ముందున్నవాళ్లు అప్పుడే మంచులోకి నడుస్తున్నారు. పెద్దాయన మిగిలిన చక్కెరను గుప్పెట్లో మూసి, పిల్లను భుజానికెత్తుకుని లేచాడు.

"చక్కెర," అన్నాడు. "మన చక్కెరమ్మా."